ఫెన్సెస్ (2016) చూడొచ్చా? అంతా మాటలేనా?

‘నాటకానికి కెమెరా పెట్టి తీసినట్టుందట, అంతా మాటలేనట, చూడొచ్చా?’ అని అడిగారు. మాటలే, నిజం; ఇది నాటకం నుంచి తీసిన అమెరికన్ సినిమా. 2 గంటల 19 నిమిషాల్లో చాలా భాగం పిట్స్‌బర్గ్‌లో ఒక ఇంటి పెరట్లోనే నడుస్తుంది. మొదటి అరగంట ఓపిక పట్టండి, తర్వాత లేవలేరు.

నేను వైజాగ్‌లో పరిషత్తు నాటికల్లో చిన్నాచితకా వేషాలు వేసినవాణ్ణి. కళాభారతి స్టేజీ మీద ఎవరు డైలాగ్ చెబుతుంటే జనం వాళ్లనే చూస్తారు. పక్కన నిలబడి వింటున్నవాడి మొహం వెనక వరసలకు ఆనదు. ఈ సినిమాలో కెమెరా వినేవాళ్లనీ వదలదు, నాకు నచ్చింది అదే.

ట్రాయ్ (డెంజెల్ వాషింగ్టన్) చెత్తబండి మీద పనిచేస్తాడు. ఒకప్పుడు బేస్‌బాల్ బ్రహ్మాండంగా ఆడినా, నల్లవాడు కావడంతో పెద్ద లీగుల్లోకి రానివ్వలేదు. ఆ కడుపుమంటంతా ఫుట్‌బాల్ ఆడతానంటున్న కొడుకు మీదికి మళ్లుతుంది. నేనంటే నీకెందుకు ఇష్టం లేదని కొడుకు అడిగితే, తిండీ బట్టా చూస్తున్నాను, అది నా బాధ్యత, ఇష్టం ఊసెందుకు అన్నట్టు గదమాయిస్తాడు. మల్కాపురంలో షిఫ్ట్ డ్యూటీల నాన్నల మధ్య పెరిగాను, ఆ గొంతు నాకు బాగా తెలుసు. మా నాన్న జీతం తెచ్చి అమ్మ చేతిలో పెట్టేవారు గానీ, మాతో కూర్చుని నాలుగు మాటలాడింది తక్కువే. ఆ సీన్ దగ్గర కాసేపు పాజ్ పెట్టేశాను.

భార్య రోజ్ ఎదురు తిరిగే సీన్ మాత్రం ఫోన్లో చూడకండి. వయోలా డేవిస్‌కి ముక్కు కారి పెదవి మీదికొస్తున్నా తుడుచుకోదు, మాట ఆపదు. స్టేజీ మీదైతే అది ముందు వరస దాటి ఎవరికీ కనబడేది కాదు. ఆ పాత్రకే ఆమెకు ఆస్కార్ వచ్చింది. ఆమె, డెంజెల్ వాషింగ్టన్ 2010లో న్యూయార్క్ బ్రాడ్‌వే స్టేజీ మీద ఇవే వేషాలు వేసి, నాటకాలకిచ్చే టోనీ అవార్డులు కొట్టారు, కాబట్టి ఎక్కడ ఆగాలో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దర్శకుడూ వాషింగ్టనే. నాటకం రాసిన ఆగస్ట్ విల్సన్ 2005లోనే పోయారు, అయినా స్క్రీన్‌ప్లే ఆయన పేరు మీదే ఉంది.

నాకు నచ్చనిది చివర్లో ట్రాయ్ తమ్ముడు ట్రంపెట్ ఊదే సీన్. స్టేజీ మీద లైటింగ్‌తో పండుతుంది గానీ, నిజం ఆకాశం కింద కాస్త కృతకంగా ఉంది. సబ్‌టైటిల్స్ మాత్రం తప్పకుండా పెట్టుకోండి, ట్రాయ్ మాటలు అంత తొందరగా చెవికెక్కవు.