బుజ్జీ, సగటు లెక్కను నమ్మకు

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నిన్ను మీ యూనివర్సిటీలో క్రీడల వ్యవహారాలకు అధ్యాపక ప్రతినిధిగా వేశారని మీ అమ్మ ఆదివారం ఫోనులో చెప్పింది. నేను పదకొండేళ్ళు కూర్చున్న కుర్చీ లాంటిదే నా మేనకోడలికి దక్కిందన్న సంబరంలో, పొయ్యి మీద పాలు పొంగిపోయిన సంగతి మీ అత్తయ్య కేక వేసేదాకా తెలియలేదు. అంతలోనే మీ అమ్మ ఇంకో మాట అంది. మీ కాన్ఫరెన్స్‌లోకి, అంటే అమెరికాలో మీతో కలిసి ఆటలాడే యూనివర్సిటీల కూటమిలోకి, మరో రెండు యూనివర్సిటీలను చేర్చుకోవాలా వద్దా అనే చర్చ నడుస్తోందట, నువ్వు చేర్చుకోవాలనే మాట్లాడబోతున్నావట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

టీవీ ఒప్పందం చదువు. కొత్తవాళ్ళు వస్తే టీవీ డబ్బు అనే వంట పెరుగుతుందా, ఉన్న అన్నాన్నే ఎక్కువ విస్తళ్ళలో వడ్డిస్తారా అన్నది చూడు. విడిచిపోయేవాళ్ళు ఎంత కట్టాలో, ఎన్నాళ్ళ ముందు చెప్పాలో చూడు. ఇవన్నీ లాయర్లు ఎలాగూ చూస్తారు. వాళ్ళు చూడనిది ఒకటుంది. అది చెప్పాలంటే నా తప్పు చెప్పుకోవాలి.

మా కాన్ఫరెన్స్‌లోకి రెండు టైమ్ జోన్ల అవతలి యూనివర్సిటీ ఒకటి వస్తానంది. పెద్ద ఊరు, లక్షల ఇళ్ళలో టీవీలు. ప్రయాణాలు ఎంత పెరుగుతాయో లెక్క వేయమని మా యూనివర్సిటీ ప్రెసిడెంటు నన్ను అడిగారు. స్టాటిస్టిక్స్ మాస్టారిని కదా, అన్ని జట్ల ప్రయాణాలనూ కలిపి సగటు తీశాను. పెద్దగా తేడా రాలేదు. ఆ ఒక్క కాగితం చూపించి ఆయన చేర్చుకుందామని ఓటు వేశారు. ఏరు సగటు లోతు చూసుకుని దిగి మునిగిపోయినవాడి కథను నేనే ఏటా తరగతిలో చెప్పేవాణ్ణి!

మూడో ఏడు, నవంబరు నెల. సోమవారం ఉదయం ఎనిమిదింటికి నా తరగతి పరీక్ష. వాలీబాల్ ఆడే అమ్మాయి ఒకతి తడి జుట్టుతో, భుజాన జట్టు సంచితోనే వచ్చింది. విమానం ఆలస్యమై, ఆ తర్వాత మంచులో మూడు గంటలు బస్సులో వచ్చి, అయిదింటికి చేరారట. "మధ్యాహ్నం రాయనిస్తారా, ప్రొఫెసర్?" అని అడిగింది. నియమం నియమమే అన్నాను. పేరు రాసింది, మొదటి లెక్క చేసింది, రెండోది సగంలో ఉండగా కాగితం మీదే తల వాల్చేసింది. నేను లేపలేదు. పక్కవాళ్ళకు ఇబ్బంది లేదు కదా అనుకున్నాను. ఆ సగం లెక్క చివర పెన్సిలు గీత కిందికి జారిపోయి ఉంది. దానికి ఎర్ర సిరాతో మార్కులు వేశాను.

ఎందుకంత కఠినంగా ఉన్నానో తర్వాత ఆలోచించాను. బాపట్లలో చదివే రోజుల్లో వాలీబాల్ జట్టుతో వాల్తేరు వెళ్ళాం. రైల్లో సీటు దొరక్క రాత్రంతా తలుపు దగ్గర తువ్వాలు పరుచుకుని కూర్చున్నాం. మర్నాడు మొదటి ఆటలోనే ఓడిపోయాం. ఓడిపోయిన సంగతి దాచి, తలుపు దగ్గర కూర్చున్న సంగతే అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. మనం పడ్డాం కాబట్టి వీళ్ళూ పడతారులే అనే అహంకారమమ్మా అది.

మార్చిలో ఆటగాళ్ళ గైర్హాజరీల పట్టీ నా బల్ల మీదికి వచ్చింది. ఆ అమ్మాయి ఆ రోజు వచ్చింది నేను లెక్క వేసి చేర్పించిన ఊరి నుంచే. ఫుట్‌బాల్ జట్టు ఆ ఊరికి రెండేళ్ళకొకసారి, సొంతంగా మాట్లాడుకున్న విమానంలో, శనివారం ఆటకు వెళ్ళొచ్చేది. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ పిల్లలు ఏటా మామూలు విమానాల్లో, ఎక్కడెక్కడో మారుకుంటూ వెళ్ళేవారు. నేను తీసిన సగటులో వీళ్ళ రాత్రులు ఇమిడిపోయాయి. ఆ అమ్మాయి స్టాటిస్టిక్స్ మానేసి వేరే సబ్జెక్టులో డిగ్రీ తీసుకుంది. నేను క్షమాపణ చెప్పలేదు. ఆ దూరపు యూనివర్సిటీ ఏడేళ్ళకే ఇంకా మంచి సంబంధం చూసుకుని వెళ్ళిపోయింది.

మాది చిన్న కథ. పెద్దవాళ్ళకూ ఇదే జరిగింది. 1996లో వెస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ ఒక్కసారే ఆరు యూనివర్సిటీలను కలుపుకుని పదహారయింది. ఒక కొస హవాయి, ఇంకో కొస ఓక్లహోమాలోని టల్సా. నాలుగేసి చొప్పున గుంపులు చేసి తిప్పారు. పాత ప్రత్యర్థులు దూరమై, విమానం ఖర్చులు మీద పడ్డాయి. 1998లో అందులోని ఐదు యూనివర్సిటీల ప్రెసిడెంట్లు డెన్వర్ విమానాశ్రయంలో కూర్చుని మాట్లాడుకున్నారు. మర్నాటి ఏడాదికి ఎనిమిది యూనివర్సిటీలు విడిపోయి మౌంటెన్ వెస్ట్ అనే సొంత కాన్ఫరెన్స్ పెట్టుకున్నాయి.

అలాగని తలుపులు మూసుకోమని చెప్పను. బిగ్ 12 అనే కాన్ఫరెన్స్ వాళ్ళు 2016లో పదకొండు యూనివర్సిటీలను పిలిచి మాట్లాడి, చివరికి ఎవరూ వద్దన్నారు. 2021 జులైలో వాళ్ళలోని టెక్సస్, ఓక్లహోమా యూనివర్సిటీలు వెళ్ళిపోతామనగానే, సెప్టెంబరుకల్లా ఆ పదకొండులోంచే నలుగురిని పిలిచారు. అదే ఏడు ఆగస్టులో మేము కొత్తవాళ్ళను చేర్చుకోము అన్న పసిఫిక్ 12 కాన్ఫరెన్స్‌లో, 2024 వచ్చేసరికి మిగిలింది ఇద్దరు. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లోనేమో ఇప్పుడు పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్ ఆడుతోంది! డల్లాస్ నుంచి వచ్చిన సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ అందులోకే తొమ్మిదేళ్ళు టీవీ వాటా అక్కర్లేదని చేరింది. మన భాషలో అది కట్నమిచ్చి చేరడమే.

కాబట్టి చేర్చుకుందామనే అను. కానీ చేతులు ఊపుకుంటూ వెళ్ళి అనకు. చిన్నప్పటి నుంచీ నీకు తొందర ఎక్కువ, చెట్టెక్కాక దిగడం ఎలాగని ఏడ్చేదానివి. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ కోచ్‌లతో కూర్చుని, కొత్తవాళ్ళు వచ్చాక ఒక ఏడాది ఆటల పట్టికను తేదీలతో సహా రాయించు. ఏ రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరతారో పక్కన వేయించు. సగటు తీయకు, అందులో అన్నిటికన్నా అధ్వాన్నమైన వారాన్ని ముందు పెట్టు. ఆ రెండు యూనివర్సిటీలూ దగ్గరదగ్గరవైతే ఒకే ప్రయాణంలో రెండు ఆటలూ అయ్యేలా అడుగు. అన్ని ఆటలకూ కలిసి తీరాలని కూడా లేదు. నోటర్ డామ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్‌లో ఎవరితోనూ కలవకుండా, 2013 నుంచి చాలా ఆటలు అట్లాంటిక్ కోస్ట్‌లోనే ఆడుతోంది.

సమావేశానికి నువ్వే కారు నడుపుకుంటూ వెళతావట. ఆ కొండ దారిలో మంచు పడుతుంది, చీకటి పడ్డాక బయలుదేరకు. మీ అత్తయ్య గోంగూర పచ్చడి పంపుతోంది, సీసా చుట్టూ నాలుగు ప్లాస్టిక్ సంచులు చుట్టింది. చేరాక ఫోను చెయ్యి. ఎంత రాత్రయినా పరవాలేదు, ఎలాగూ మేలుకునే ఉంటాను.

మీ మామయ్య