ఎన్నారై సందేహాలు: తమ్ముడు ఫోన్ ఎత్తడం లేదు

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. అమెరికాలో చదువుకోవడానికి వెళ్లిన తమ్ముడికి స్టేటస్, అంటే అక్కడ చట్టబద్ధంగా ఉండే హక్కు, పోయింది. నిద్ర పట్టడం లేదంటాడు. డాక్టరు దగ్గరికి పొమ్మంటే పట్టుకుని పంపేస్తారని భయం. ఈమధ్య ఫోనూ ఎత్తడం లేదు.

జవాబు: చెల్లెమ్మా, మాదీ గంజాం జిల్లానే. స్టేటస్ లేకుండా న్యూజెర్సీలో బతికి, కాగితాలు చక్కబెట్టుకుని, ఇల్లూ సంసారం నిలబెట్టుకున్నవాణ్ణి, నా మాట విను. మీవాణ్ణి తినేస్తున్నది ఒంటరితనం. భయం దాని తర్వాతే.

నేను రాత్రంతా గ్యాస్ స్టేషన్లో పనిచేసి పగలు ముసుగేసుకుని పడుకునేవాణ్ణి. కునుకు పట్టేది కాదు. ఉగాదికి తెలుగువాళ్లలోకి పోతే మొదటి ప్రశ్న ‘ఏ వీసా?’ ఒడియావాళ్ల రథయాత్రకు పోతే, నువ్వు తెలుగువాడివి కదా అన్నట్టు చూసేవారు. రెండూ మానేశాను. ఇంటికి మాత్రం ప్రమోషన్ వచ్చిందని అబద్ధాలు. ‘దసరాకైనా వస్తావా నాన్నా’ అనేది అమ్మ. ఏడాదికి మించి చట్టవిరుద్ధంగా ఉన్నవాడు ఆ దేశం దాటితే పదేళ్లు మళ్లీ రానివ్వరని ఆవిడకేం తెలుసు? జవాబు చెప్పలేక ఫోన్ ఎత్తడమే మానేశాను.

చివరికి పక్క షిఫ్టు గుజరాతీ పెద్దాయనకు నిజం చెప్పేశాను. ఆయనే వెంటబెట్టుకుని కమ్యూనిటీ క్లినిక్‌కి తీసుకెళ్లాడు. ఆదాయాన్ని బట్టి ఫీజు, వీసా ఊసే లేదు. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్లో కలుపుతామన్నారు. మనవాళ్లకు తెలిసిపోతుందని వద్దన్నాను, నెలల తరబడి వచ్చీరాని ఇంగ్లీషులోనే నా బాధ చెప్పుకున్నాను. అది అనవసరపు భయం. విన్నది బయటపెట్టకూడదన్న కట్టుబాటు ఇంటర్‌ప్రెటర్లకూ ఉంటుంది. మీవాడు సిగ్గుపడకుండా తెలుగే అడగాలి.

మనసు కుంగినప్పుడు ఫోన్ చేసి మాట్లాడే 988 నంబరు అమెరికాలో 2022 జులై నుంచి ఉంది. ఖర్చు లేదు, స్టేటస్ అడగరు, ఇంటర్‌ప్రెటర్లుంటారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి పోవాలి. డబ్బు, కాగితాలు లేవని తిప్పి పంపకూడదని 1986 నుంచీ చట్టం ఉంది. మిగతా నిబంధనలు రాష్ట్రానికో తీరు, పైగా మారుతున్నాయి. క్లినిక్‌కి ముందే పేరు చెప్పకుండా ఫోన్ చేసి కనుక్కోమను.

మీరు చెయ్యాల్సిందీ ఉంది. ‘ఎప్పుడొస్తావు’, ‘అప్పు ఎలా తీరుస్తావు’ అన్న మాటలు ఇంట్లో ఎవరూ ఎత్తొద్దు. ఏం తిన్నాడో అడుగు. ఎత్తకపోయినా రోజూ వాయిస్ మెసేజ్ పెట్టు, జవాబు కోసం పోరు పెట్టకు. అమ్మానాన్నలకు బెంగ ఎక్కువైతే మన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు. అన్నిటికన్నా ముందు, వాడి గదిలో ఇంకెవరుంటున్నారో కనుక్కుని ఆ అబ్బాయి నంబరు సంపాదించు. ఈ రాత్రికే ఆ అబ్బాయితో మాట్లాడు.