స్నేహితులతో ఎన్‌ఎఫ్‌ఎల్ స్ప్రెడ్ పోటీ: లైన్ ఏ రోజుదో ముందే తేల్చుకోండి

మీ ప్రశ్న ఏంటంటే, డాలస్‌లో ఎనిమిది మంది స్నేహితులు ఈ సీజన్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌లు స్ప్రెడ్ మీద పిక్ చేసే (అంటే పాయింట్ల తేడా చూసి ఒక టీముని ఎంచుకునే) పోటీ పెట్టుకోవాలనుకుంటున్నారు, రూల్స్ ఎలా పెట్టుకోవాలి, గెలవడానికి కిటుకు ఏమైనా ఉందా అని. మేము డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్ చుట్టుపక్కల ఉండే తొమ్మిది మందిమి 2019 నుంచి ఇదే ఆడుతున్నాం. షీట్ రాసేది నేనే. కిటుకు సంగతి తర్వాత చెప్తాను, ముందు రూల్స్ గురించే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మా గ్రూపులో వచ్చిన గొడవలన్నీ రూల్స్ దగ్గర వచ్చినవే, మ్యాచ్‌ల దగ్గర ఒక్కటీ రాలేదు.

మీలో కొత్తవాళ్లు ఉంటే స్ప్రెడ్ అంటే ఇలా చెప్పండి. చిన్నప్పుడు గల్లీ క్రికెట్‌లో పెద్దపిల్లలంతా ఒకవైపు పడితే చిన్నవాళ్లకి ముందే ఇరవై పరుగులు ఇచ్చి మొదలుపెట్టేవాళ్లం కదా, అదే ఇది. కౌబాయ్స్ (డాలస్ టీము) -7 అంటే వాళ్లు 8 లేదా అంతకన్నా ఎక్కువ తేడాతో గెలిస్తేనే కౌబాయ్స్‌ని పిక్ చేసినవాళ్లకి పాయింటు. సరిగ్గా 7తో గెలిస్తే పుష్, ఎవరికీ గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఎవరు గెలుస్తారు అని మాత్రమే పిక్ చేస్తే అందరూ బలమైన టీములనే రాసి కూర్చుంటారు. స్ప్రెడ్ పెట్టాక ఎంత చెత్త మ్యాచ్ అయినా చివరి నిమిషం దాకా చూడబుద్ధవుతుంది. 14 పాయింట్లు వెనకబడిన టీము ఆఖర్లో ఎవరికీ అక్కర్లేని టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల గీత దాటించే 6 పాయింట్ల స్కోరు) ఒకటి కొడితే మా హాల్లో నలుగురు ఎగిరి గంతేస్తారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన రూలు: లైన్ ఎప్పటిది? లైన్ అంటే ఆ -7 లాంటి స్ప్రెడ్ అంకె, అది వారమంతా కదులుతూనే ఉంటుంది. మొదటి సీజన్‌లో మేము ఇది మాట్లాడుకోలేదు. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు ఫోన్‌లో కనపడిన లైన్ చూసి వాట్సాప్ గ్రూపులో రాసేసేవాళ్లం. నవంబర్‌లో ఒక సండే నైట్ మ్యాచ్‌కి మా బావ బుధవారమే ఫేవరెట్ (గెలుస్తుందనుకునే టీము) -2.5 అని రాశాడు. ఆదివారం నాటికి లైన్ కదిలింది, నా పాత రూమ్మేట్ అదే మ్యాచ్‌కి అండర్‌డాగ్ +3.5 (బలహీనమైన టీము 3తో ఓడినా పాయింటే) అని రాశాడు. ఫేవరెట్ సరిగ్గా 3 పాయింట్లతో గెలిచింది. ఇద్దరూ "నేనే కరెక్ట్" అన్నారు, నిజంగా ఇద్దరూ కరెక్టే. కానీ ఒకే మ్యాచ్‌లో రెండు వైపులా గెలవడం ఏంటి అని మిగతావాళ్లు పట్టుకున్నారు. రాత్రి పదకొండు దాటాక కూడా గ్రూపులో స్క్రీన్‌షాట్లు పడుతూనే ఉన్నాయి, మాటలు పెరిగాయి, "నీ సంగతి నాకు తెలీదా" దాకా వెళ్లింది. ఆ ఏడాది థాంక్స్‌గివింగ్ రోజు కౌబాయ్స్ మ్యాచ్ చూడ్డానికి నా రూమ్మేట్ మా ఇంటికి రాలేదు. అంతకుముందు ఏ ఏడాదీ మానలేదు. విస్తరాకులు తొమ్మిది తెచ్చాం, ఒకటి అలాగే మిగిలిపోయింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే షీట్ నడిపేవాడిగా ముందే తేల్చాల్సింది నేను.

ఇది మాకొక్కళ్లకే జరిగింది కాదని తర్వాత తెలిసింది. 1979 జనవరిలో జరిగిన 13వ సూపర్ బౌల్‌లో (లీగ్ ఫైనల్) కౌబాయ్స్‌తో ఆడిన స్టీలర్స్ మీద మొదట 3.5 లైన్ పెట్టారు, డబ్బంతా వాళ్ల వైపే వస్తోందని 4.5 దాకా పెంచారు. స్టీలర్స్ 35-31తో గెలిచారు, తేడా సరిగ్గా 4. మొదట్లో స్టీలర్స్ మీద వేసినవాళ్లూ గెలిచారు, తర్వాత కౌబాయ్స్ మీద వేసినవాళ్లూ గెలిచారు, లైన్ పెట్టి పందేలు తీసుకునే లాస్ వేగాస్ వాళ్లు రెండు వైపులా చెల్లించుకోవాల్సి వచ్చింది. అంత అనుభవం ఉన్నవాళ్లకే అలా జరిగితే మన వాట్సాప్ గ్రూపు ఎంత.

అందుకే ఇప్పుడు బుధవారం రాత్రి 9 గంటలకి ఒక్క మనిషే, ఒక్క చోటి నుంచే, అన్ని మ్యాచ్‌ల లైన్లూ స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడతాడు. ఆ వారానికి అవే లైన్లు, భూకంపం వచ్చినా మారవు. అర పాయింటుకి ఇంత రాద్ధాంతమా అనిపించొచ్చు, కానీ ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్యగా తన్నడం) 3, టచ్‌డౌన్ మీద ఎక్స్‌ట్రా పాయింట్ కలిపితే 7, కాబట్టి చాలా మ్యాచ్‌లు ఆ తేడాలతోనే ముగుస్తాయి. ఇంచుమించు ఏడు మ్యాచ్‌లకి ఒకటి సరిగ్గా 3 తేడాతో అయిపోతుంది. 2.5కీ 3.5కీ మధ్య ఉన్న ఆ ఒక్క పాయింటు, 9.5కీ 10.5కీ మధ్య ఉన్న పాయింటు లాంటిది కాదు.

లైన్ బుధవారం ఆగిపోతుంది కాబట్టి ఇంకో సంగతి వస్తుంది. శుక్రవారం గాయాల లిస్టులో ఒక టీము క్వార్టర్‌బ్యాక్ (దాడి నడిపే ముఖ్య ఆటగాడు) ఆడట్లేదని తేలిందనుకోండి, బయట లైన్ నాలుగైదు పాయింట్లు కూడా కదిలిపోతుంది, మన షీట్‌లో మాత్రం పాతదే ఉంటుంది. అందరూ ఆ మ్యాచ్ మీదే పడతారు. మా గ్రూపులో ఒక గుంటూరు వదిన ఇందులో ఆరితేరింది, శుక్రవారం సాయంత్రం లిస్టు చూడకుండా ఒక్క పిక్ కూడా పెట్టదు. కొందరు ఇది అన్యాయం అంటారు. నా దృష్టిలో అది కష్టపడి చదివినవాళ్లకి దక్కే ఫలం, కాబట్టి ఉంచేశాం. మీరు ఎటైనా పెట్టుకోండి, కానీ సీజన్ మొదలవ్వకముందే పెట్టుకోండి.

అన్ని మ్యాచ్‌లూ పిక్ చేయించకండి. వారానికి 16 దాకా ఉంటాయి, అక్టోబర్ వచ్చేసరికి సగం మంది విసిగిపోతారు, మాకు అలాగే అయింది. లాస్ వేగాస్‌లో సూపర్‌కాంటెస్ట్ అని పెద్ద పోటీ ఉంది, అందులో వారానికి ఐదే పిక్స్, గెలిస్తే 1, పుష్ అయితే అర. మేమూ దానికే మారాం. 18 వారాలకి 90 పిక్స్. ఆదివారం మధ్యాహ్నం 12కి ఎక్కువ మ్యాచ్‌లు మొదలవుతాయి కాబట్టి 11:45కి గడువు, దాటితే సున్నా. మావాడొకడు చెల్లెలి పెళ్లికి కరీంనగర్ వెళ్లి, అక్కడ రాత్రి పదకొండుంబావుకి పెళ్లిపందిట్లో కూర్చుని పిక్స్ పంపాడు, వెనక సన్నాయి వినిపించే వాయిస్ మెసేజ్‌లో. కాబట్టి వీలు కాలేదనే మాట ఇక్కడ చెల్లదు.

స్కోరు విషయంలో లీగ్ అఫీషియల్‌గా ఇచ్చిందే ఫైనల్ అని కూడా రాసుకోండి. 2008లో చార్జర్స్ మీద స్టీలర్స్ 11-10తో గెలిచారు, లీగ్ చరిత్రలో ఆ స్కోరు అదే మొదటిసారి. ఆఖరి బంతికి స్టీలర్స్ ఆటగాడు ట్రాయ్ పొలమాలు టచ్‌డౌన్ చేశాడు, రెఫరీలు అది చెల్లదన్నారు, తర్వాత తప్పు చేశామని ఒప్పుకున్నారు కూడా, కానీ స్కోరు మారలేదు. ఆ టచ్‌డౌన్ ఇచ్చుంటే స్టీలర్స్ స్ప్రెడ్ కన్నా ఎక్కువ తేడాతో గెలిచేవాళ్లు.

ఇప్పుడు కిటుకు. నేను చాలా చదివాను, చాలా లెక్కలు వేశాను, కాబట్టి నిజం చెప్తున్నాను. ఒక ఏడాది మా విజేత 90లో 51 కొట్టాడు, ఆఖరివాడు 39. విజేతకి ఏదో విద్య ఉందని అందరం అనుకున్నాం. తర్వాత నేను ఎక్సెల్‌లో తొమ్మిది కాలమ్‌లు పెట్టి, ఒక్కోదాంట్లో 90 సార్లు బొమ్మా బొరుసూ వేయించాను. మొదటిసారే పైన 52 వచ్చింది, అడుగున 37. మళ్లీ మళ్లీ వేసినా ప్రథమస్థానం 52 చుట్టూనే తిరిగింది. అంటే మా ఏడాదంతా వాదోపవాదాలు, వాతావరణం చూడ్డాలు, ఇవేవీ లేకుండా నాణెం ఎగరేసినా ఇంచుమించు అదే పట్టిక వస్తుంది. లైన్ పెట్టేవాళ్లు అంత బాగా పెడతారు.

అయినా రెండు విషయాలు మాత్రం పనికొస్తాయని నమ్ముతాను. ఒకటి, సొంత ఊరి టీముని పిక్ చేయకండి. 2024 జనవరి 14న ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లు) కౌబాయ్స్ దాదాపు 7 పాయింట్ల ఫేవరెట్, అప్పటిదాకా ఆ సీజన్ సొంత మైదానం ఆర్లింగ్టన్‌లో ఒక్క మ్యాచ్ ఓడలేదు. మాలో ఎనిమిది మంది కౌబాయ్స్ రాశాం, వదిన ఒక్కతే ఎదుటి టీము ప్యాకర్స్ రాసింది. సెకండ్ క్వార్టర్‌లోనే ప్యాకర్స్‌కి 27-0 అయింది. హాల్లో ఎవరూ మాట్లాడట్లేదు, టీ చల్లారిపోతోంది, ఆమె మాత్రం జంతికల డబ్బా అందరికీ తిప్పుతోంది. చివరికి ప్యాకర్స్ 48-32తో గెలిచారు. రెండోది, సొంత మైదానానికి 3 పాయింట్లు కలపాలన్న పాత లెక్క వదిలేయండి, ఇప్పుడు అంత లేదు.

దయచేసి డబ్బు పెట్టకండి. మా దగ్గర చివరి ముగ్గురూ సూపర్ బౌల్ రోజు అందరికీ బిర్యానీ పెట్టాలి, అంతే. మా 51 విజేత న్యూజెర్సీకి మారాక, అక్కడ చట్టబద్ధమే కదా అని నిజం పందేలు మొదలుపెట్టాడు. అక్కడ 100 గెలవాలంటే మామూలుగా 110 పెట్టాలి, అంటే నష్టం లేకుండా ఉండాలంటేనే 52.4 శాతం సరైనవి కావాలి. మరుసటి ఏడాది అతనికి 49 శాతం వచ్చింది. ఎంత పోగొట్టుకున్నాడో ఇక్కడ రాయను, ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. అతను మా పోటీలో మాత్రం ఇంకా ఉన్నాడు, అక్కడి నుంచే పిక్స్ పంపుతాడు.

ఆఖరుగా టై. చాలామంది మండే నైట్ మ్యాచ్ మొత్తం స్కోరు ఊహించడం టైబ్రేకర్‌గా పెడతారు. మేమూ అదే పెట్టాం, తీరా చివరి వారం ఇద్దరు సమానమయ్యాక చూస్తే రెగ్యులర్ సీజన్ ఆఖరి వారంలో మండే నైట్ మ్యాచే ఉండదు. ఇద్దరి పేర్లూ విజేతలుగా రాసుకున్నాం, అందులో ఒకరు మా బావ, రెండోవాడు ఆ రూమ్మేటే. మీరు మాత్రం ఆఖరి ఆదివారం రాత్రి మ్యాచ్ అని రాసుకోండి.