రెండు ఎక్స్‌రేల్లో ఏది నమ్మాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మా చెల్లికి 29 ఏళ్లు. ఒక రాత్రి ఆయాసం ఎక్కువైతే ఆసుపత్రిలో చేర్చాం. మంచం మీదే తీసిన ఎక్స్‌రే చూసి గుండె పెరిగిందన్నారు. వారం తర్వాత నిలబెట్టి తీస్తే సైజు మామూలే, ఎడమ కర్ణిక (గుండె ఎడమ పై గది) మాత్రం పెద్దదైందని రిపోర్టు వచ్చింది. ఏది నమ్మాలి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: రెండోది నమ్మండి. సైజు మామూలే అన్నారు కదా అని మాత్రం ఊరుకోకండి.

పడుకోబెట్టి తీస్తే కిరణాలు ముందు నుంచి వస్తాయి, ప్లేటు వీపు కింద ఉంటుంది. గుండె ఉండేది ఛాతీ ముందు భాగంలో. దీపానికి దగ్గరగా పెట్టిన చెయ్యి గోడ మీద పెద్ద నీడ వేసినట్టే, ప్లేటుకి దూరమైన గుండె నీడా పెరుగుతుంది. పైగా ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర, డయాఫ్రం, పైకి జరిగి గుండె అడ్డంగా వాలుతుంది. నిలబెట్టి, ఛాతీని ప్లేటుకి ఆనించి, ఆరడుగుల దూరం నుంచి, నిండా ఊపిరి పీల్చి బిగబట్టాక తీసిందే కొలతకి పనికొస్తుంది.

వెన్నెముక మధ్య నుంచి గుండె కుడి అంచు 3.5 సెం.మీ., ఎడమ అంచు 8.5 సెం.మీ. అనుకుందాం. మొత్తం 12. ఛాతీ లోపలి వెడల్పు 25 అయితే, 12ని 25తో భాగిస్తే లెక్క 0.48. పెద్దవాళ్లలో 0.5 దాటితే గుండె పెరిగిందంటాం.

ఎడమ కర్ణిక ఉండేది గుండె వెనక వైపు. అది ఉబ్బినా మొదట్లో ఈ లెక్క మారకపోవచ్చు. అందుకే అంచులు చూడాలి. కుడి అంచుకి లోపలగా ఇంకో వంపు గీత, నీడలో నీడలా కనిపిస్తుంది. ఎడమ అంచులో పుపుస ధమని (ఊపిరితిత్తులకి రక్తం తీసుకెళ్లే నాళం) కింద ఉండే చిన్న నొక్కు పూడిపోయి తిన్నగా అవుతుంది, లేదా బయటికి ఉబ్బుతుంది. శ్వాసనాళం చీలే కోణం 90 డిగ్రీలు దాటి విచ్చుకుంటుంది. ఎడమ జఠరిక, అంటే కింది గది, పెరిగితే గుండె కొన కిందికీ బయటికీ జారుతుంది. కుడి జఠరికైతే కొన పైకి లేస్తుంది.

ఈ వయసులో ఎడమ కర్ణిక ఒక్కటే ఉబ్బితే ముందు అనుమానించేది ఎడమ కర్ణికకీ జఠరికకీ మధ్య ఉండే మైట్రల్ కవాటం సన్నబడటాన్నే. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత జ్వరంతో కీళ్లు వాచాయేమో ఇంట్లో పెద్దల్ని అడగండి, అలాంటి జ్వరమే ఈ కవాటాన్ని పాడుచేస్తుంది. ఎక్స్‌రే అనుమానం వరకే, తేల్చేది ఎకో (గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్). బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రికి వెళ్లినా, విశాఖ కేజీహెచ్‌కి వెళ్లినా ఆలస్యం చేయొద్దు. ఈసీజీ కూడా తీయించండి: ఉబ్బిన కర్ణిక లయ తప్పితే అందులో రక్తం గడ్డకట్టి మెదడుకి పోయే ప్రమాదముంది. అమ్మాయి నెల తప్పి ఉంటే ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి. ఈ జబ్బులో గర్భం గుండె మీద భారం పెంచుతుంది. పడుకోలేనంత ఆయాసం వచ్చినా, దగ్గులో రక్తం పడినా తెల్లారేదాకా ఆగకండి.

మొదటి ఫిల్మునీ పారేయొద్దు. సైజుకి పనికిరాకపోయినా, ఆ రాత్రి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందేమో చూడటానికి అదే ఆధారం.