ఏలియన్లు ఎత్తుకెళ్లారట! – మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో గ్రహాంతరవాసులు మనుషుల్ని ఎత్తుకెళ్లే హారర్ సినిమాల గురించి నాలుగు ముక్కలు రాశాం. ఏ సినిమా ఎక్కడ దొరుకుతుందని అడుగుతారేమో అనుకుంటే, వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే ప్రశ్న, అది నిజమేనా అని. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాం.

"ఫైర్ ఇన్ ద స్కై" చూశానండీ. నిజంగా జరిగిన కథ అంటున్నారు. చివర్లో ఆ ఓడ లోపలి సీను చూశాక లైటు ఆర్పి పడుకోలేకపోయాను. మా ఆయన ఒకటే నవ్వు. నిజంగా అలా జరిగిందా?
– ఒక గృహిణి, తెనాలి

మీ ఆయన్ని నవ్వనివ్వండి, ఆ సీను ఆయన ఒక్కరే అర్ధరాత్రి కూర్చుని చూశాక అప్పుడు మాట్లాడదాం. ఇక విషయానికొస్తే, ఆ మనిషి ఉన్నాడు, ఆ ఊరూ ఉంది. 1975 నవంబర్ 5, అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో స్నోఫ్లేక్ అనే చిన్న ఊరికి కొంత దూరంలో అడవి. చెట్లు కొట్టే పనివాళ్లు ఏడుగురు సాయంత్రం పని ముగించుకుని ట్రక్కులో తిరిగొస్తుంటే చెట్ల మధ్య వెలుగు కనిపించిందనీ, వాళ్లలో 22 ఏళ్ల ట్రావిస్ వాల్టన్ బండి దిగి దాని దగ్గరికి వెళ్లాడనీ, ఏదో కాంతి తగిలి ఎగిరిపడ్డాడనీ, మిగతావాళ్లు హడలిపోయి బండి తోలుకుని పారిపోయారనీ, కాసేపటికి ధైర్యం తెచ్చుకుని వెనక్కొస్తే మనిషి లేడనీ వాళ్లు చెప్పింది. పోలీసులకు వచ్చిన అనుమానం వేరే, వీళ్లే చంపేసి కథ అల్లుతున్నారేమోనని. అడవంతా గాలించారు. ఐదు రోజుల తర్వాత వాల్టన్ హీబర్ అనే ఊళ్లోంచి ఇంటివాళ్లకు ఫోన్ చేశాడు.

మిమ్మల్ని నిద్రపోనివ్వని సీను మాత్రం వాల్టన్ చెప్పింది కాదు. జిగురు గూళ్లు, ఒంటిమీద బిగించి కప్పిన పొర, కంటి మీదికి దిగే సూది, ఇవన్నీ 1993లో సినిమా తీసినవాళ్లు కల్పించినవి. వాల్టన్ తన పుస్తకంలో రాసుకున్నది చాలా సాదాగా ఉంటుంది: ఆసుపత్రి గదిలాంటి చోట మెలకువ రావడం, పొట్టిగా పెద్ద కళ్లతో ఉన్న ముగ్గుర్ని చూసి తిరగబడటం, తర్వాత హెల్మెట్ పెట్టుకుని అచ్చం మనిషిలాగే ఉన్న ఒకాయన వచ్చి తీసుకెళ్లడం. ఇలాంటివి అప్పటికే చాలా వచ్చాయని స్టూడియోవాళ్లకు అనిపించింది, స్క్రీన్‌ప్లే రచయిత ట్రేసీ టోర్మే చేత మార్పించారు. అంటే "నిజంగా జరిగిన కథ" అన్న సినిమాలో మనం గుర్తుపెట్టుకునే పది నిమిషాలూ, నిజమని చెప్పినవాడే చెప్పని పది నిమిషాలు! నన్నడిగితే సినిమాలో గొప్ప భాగం ఆ ఓడ కాదు, అంతకుముందు ఊరంతా ఆ ఆరుగురినీ హంతకుల్లా చూసే భాగం.

మరి వాల్టన్ చెప్పిందైనా నిజమా అంటారా? తోటి పనివాళ్లకు లై డిటెక్టర్ పరీక్ష పెడితే ఐదుగురు నెగ్గారు, ఒకరిది తేలలేదు. కానీ ఆ ప్రశ్నల్లో ఎక్కువ భాగం వాల్టన్‌కి మీరేమైనా హాని చేశారా అన్నదాని మీదే. వాల్టన్ తిరిగొచ్చిన కొద్దిరోజులకే ఇచ్చిన మొదటి పరీక్షలో తప్పాడు, ఆ సంగతి అప్పట్లో బయటికి రానివ్వలేదు, ఫిలిప్ క్లాస్ అనే సంశయవాది తర్వాత బయటపెట్టాడు. ఆ తర్వాత ఇంకో పరీక్షలో నెగ్గాడు. అసలు ఆ యంత్రం పట్టేది ఒంట్లో కంగారునే తప్ప అబద్ధాన్ని కాదు, కాబట్టి దాన్ని ఎటువైపూ సాక్ష్యంగా తేవడం నాకు నచ్చదు. నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించేది వేరే ఉంది. ఈ సంఘటనకు సరిగ్గా 16 రోజుల ముందు, అక్టోబర్ 20న, అమెరికా టీవీలో ఒక సినిమా వేశారు. ఏలియన్లు ఎత్తుకెళ్లిన భార్యాభర్తల కథ అది.

అన్నా, ప్రపంచంలో ఎవర్ని అడిగినా పెద్ద తల, చిన్న ఒళ్లు, పెద్ద నల్లటి కళ్లు అనే చెబుతున్నారు. ఒకరికొకరు తెలియని మనుషులు అందరూ ఒకేలా చెప్పారంటే అది నిజమేగా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

తమ్ముడూ, నువ్వు అడగడమూ మంచిదే అయింది, పైన చెప్పిన భార్యాభర్తల దగ్గరికే వద్దాం. బెట్టీ హిల్, బార్నీ హిల్. ఆమె సమాజ సేవా శాఖలో ఉద్యోగి, ఆయన తపాలా శాఖలో. 1961 సెప్టెంబర్ 19 రాత్రి కెనడా నుంచి న్యూహాంప్‌షైర్‌లోని ఇంటికి కారులో వస్తుంటే చంద్రుడి దగ్గర ఒక వెలుగు కనిపించింది, అది తమ వెంటే వస్తోందనిపించింది. ఇల్లు చేరాక చూసుకుంటే ప్రయాణంలో కొన్ని గంటలు లెక్కకు రావడం లేదు. ఆ తర్వాత బెట్టీకి వరుసగా పీడకలలు. ఓడలోకి తీసుకెళ్లారు, ఒళ్లంతా పరీక్షించారు అన్న కథ పూర్తిగా వచ్చింది మాత్రం 1964లో, బోస్టన్‌లో డాక్టర్ బెంజమిన్ సైమన్ హిప్నాటిజం చేసినప్పుడు. ఆ సైమనే ఎత్తుకెళ్లడం నిజమని నమ్మలేదు. బెట్టీ కలలు భర్త జ్ఞాపకంలోకి కూడా చేరాయని ఆయన అభిప్రాయం.

ఇప్పుడు కళ్ల సంగతి. ముఖం పక్కల దాకా చుట్టుకుపోయే కళ్ల గురించి బార్నీ హిప్నాటిజంలో చెప్పింది 1964 ఫిబ్రవరి 22న. సరిగ్గా 12 రోజుల ముందు, ఫిబ్రవరి 10న, "ది ఔటర్ లిమిట్స్" అనే టీవీ సీరియల్‌లో అలాంటి కళ్లున్న ఏలియన్ ఎపిసోడ్ వచ్చింది. మేం అలాంటివి చూడమని బెట్టీ అంది, చూడకపోయి ఉండొచ్చు కూడా. కానీ 1966లో వీళ్ల మీద పుస్తకం వచ్చింది, 1975లో టీవీ సినిమా వచ్చింది, ఆ బొమ్మ ఇంటింటికీ చేరింది. ఇక ఆ తర్వాత చెప్పినవాళ్లను "ఒకరికొకరు తెలియని మనుషులు" అని ఎలా అంటాం? అందరి ఇంట్లోనూ అదే టీవీ ఉంది కదా. సినిమా చూసినవాళ్లకు అదే కలలో వస్తుంది, ఆ కల చెబితే ఇంకో సినిమా అవుతుంది. వాళ్లు అబద్ధాలకోర్లని నేననడం లేదు, హిల్ దంపతులు ఆ రాత్రి నిజంగానే భయపడ్డారనే నా నమ్మకం.

"ద ఫోర్త్ కైండ్"లో స్క్రీన్ రెండు ముక్కలు చేసి ఒకపక్క నటులు, ఇంకోపక్క అసలు వీడియో చూపిస్తారు కదా, ఆ అసలు వీడియో పూర్తిగా ఎక్కడ దొరుకుతుంది?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

ఎక్కడా దొరకదండీ, లేదు కాబట్టి. ఆ వీడియోలో కనిపించే "అసలు" డాక్టరమ్మ కూడా నటే, పేరు షార్లెట్ మిల్చార్డ్. 2009లో ఈ సినిమా విడుదలప్పుడు పంపిణీ సంస్థ యూనివర్సల్ ప్రచారం కోసం ఇంటర్నెట్‌లో అలాస్కా పత్రికల పేర్లతో దొంగ వార్తలు పెట్టించింది. ఆ పత్రికలు గొడవ చేస్తే చివరికి అలాస్కా ప్రెస్ క్లబ్‌కి 20,000 డాలర్లు కట్టి రాజీపడింది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కథ జరిగే అలాస్కాలోని నోమ్ అనే ఊళ్లో 1960ల నుంచి చాలామంది నిజంగానే కనిపించకుండా పోయారు, చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది అక్కడి ఆదివాసులే. ఎఫ్‌బీఐ వచ్చి 24 కేసులు పరిశీలించి అతిగా తాగడం, దానికి తోడు ఆ భయంకరమైన చలి కారణమని తేల్చింది. కొడుకు శవం కూడా దొరకని ఇళ్లున్న ఊరిని పట్టుకుని ఏలియన్లు ఎత్తుకెళ్లారని సినిమా తీశారు. అదీ ఎక్కడ? ఎక్కువ భాగం బల్గేరియాలో. నోమ్ చుట్టూ చెట్లే పెద్దగా ఉండవు, సినిమాలో చూస్తే దట్టమైన అడవి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, రాత్రిపూట కిటికీ దగ్గర తెల్లటి గుడ్లగూబ కనిపించిందని ఒక్కొక్కరూ చెప్పే సీన్లు గట్టిగా పనిచేశాయి. మన విశాఖపట్నంలో కడుతున్న ఒక భవనంలో నిటారుగా నిలబడి తేరిపార చూస్తున్న మూడు వింత జీవుల వీడియో 2017లో ఏలియన్లంటూ తిరిగింది గుర్తుందా? అవీ గుడ్లగూబ పిల్లలే, ఇంకా ఈకలు సరిగా రానివి.

మా ఊళ్లో ఒకరోజు చీకటి పడ్డాక ఆకాశంలో వరుసగా దీపాల దండలాగా వెలుగులు వెళ్లాయి. చప్పుడు లేదు. కొంతదూరం వెళ్లి ఒక్కొక్కటే ఆరిపోయాయి. సినిమాల్లో చూపించినట్టే ఉంది. టెన్షన్‌తో పిల్లల్ని లోపలికి పంపేశాను.
– నల్గొండ జిల్లా నుంచి ఒక రైతు

మీరు చూసింది దాదాపు ఖాయంగా స్టార్‌లింక్ ఉపగ్రహాలు, ఇంటర్నెట్ అందించడానికి పంపేవి. 2019 మేలో మొదటిసారి ఒకే రాకెట్‌లో 60 పంపారు, అప్పట్నుంచి పంపుతూనే ఉన్నారు. పైకి వెళ్లిన కొత్తలో కొన్ని రోజులు ఒకదాని వెనుక ఒకటి దగ్గరదగ్గరగా తిరుగుతాయి, తర్వాత విడివిడిగా సర్దుకుంటాయి. వాటికి దీపాలేం ఉండవండీ. మనకు కింద సూర్యుడు అస్తమించినా అంత ఎత్తులో ఇంకా ఎండ ఉంటుంది, ఆ ఎండే తళుక్కుమంటుంది. భూమి నీడలోకి వెళ్లగానే ఒకటి తర్వాత ఒకటి మాయం. సాయంత్రం చీకటి పడ్డాక కాసేపు, తెల్లవారుజామున కాసేపు మాత్రమే కనిపించేది కూడా అందుకే. ఈసారి పిల్లల్ని బయటికి పిలిచి చూపించండి.

ఇలాంటిదే 1997 మార్చి 13న అరిజోనాలోని ఫీనిక్స్ మీద జరిగింది, వేలమంది చూశారు. ఆ రాత్రివి నిజానికి రెండు సంగతులు, అందరూ కలిపేస్తారు. ఎనిమిది దాటాక వి ఆకారంలో వెలుగులు వెళ్లాయి, ఒక ఔత్సాహికుడు టెలిస్కోపు పెట్టి చూస్తే విమానాల గుంపు. పది గంటలప్పుడు కనిపించినవి సైనిక విమానాలు శిక్షణలో వదిలిన ఫ్లేర్లు, అంటే మండుతూ మెల్లగా కిందికి దిగే వెలుగు గుండ్లు, అవి కొండల వెనక్కి దిగిపోతుంటే గాల్లోనే ఆరిపోయినట్టు కనిపించింది. అప్పటి గవర్నర్ ఫైఫ్ సిమింగ్టన్ ప్రెస్‌మీట్ పెట్టి తన ఉద్యోగికే ఏలియన్ వేషం వేసి తెచ్చి నవ్వించాడు. పదేళ్ల తర్వాత 2007లో మళ్లీ ఆయనే, నేనూ చూశాను, అది ఈ లోకానిది కాదనిపించింది అన్నాడు! రాజకీయ నాయకులు ఎక్కడైనా ఒకటేనేమో. దీని మీద 2017లో "ఫీనిక్స్ ఫర్‌గాటెన్" వచ్చింది, అందులో తప్పిపోయిన ముగ్గురు టీనేజర్లూ కల్పితమే, సినిమా కూడా అంతంతమాత్రం.

ఈ సినిమాలు వరసపెట్టి చూశాక నాకు రాత్రి మెలకువ వస్తోంది, కానీ కాలూ చెయ్యీ కదలడం లేదు. మంచం పక్కన ఎవరో నిలబడ్డట్టు ఉంటోంది. అరుద్దామంటే గొంతు రాదు. ఎవరికీ చెప్పలేదు.
– డాలస్ నుంచి, పేరు వద్దన్న పాఠకురాలు

చెప్పి మంచి పని చేశారమ్మా. దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారు, చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకసారైనా వస్తుంది. కలలొచ్చే నిద్రలో మనం లేచి పరిగెత్తకుండా శరీరం కండరాలను ఆపి ఉంచుతుంది. ఒక్కోసారి మెదడు ముందు మేలుకుని ఒళ్లు ఇంకా వదలదు, కల ఇంకా కళ్ల ముందే ఆడుతుంటుంది. గదిలో ఎవరో ఉన్నారనిపించడం, గుండెల మీద బరువు, ఇవన్నీ అందులోవే. మామూలుగా కొన్ని సెకన్లు, లేదంటే కొన్ని నిమిషాలు. మన అమ్మమ్మలైతే దయ్యం గుండెల మీద కూర్చుందనేవాళ్లు, అమెరికాలో కొందరికి అక్కడ నిలబడ్డది ఏలియన్ అయింది. ఏలియన్లు ఎత్తుకెళ్లారని చెప్పినవాళ్లను హార్వర్డ్ మనస్తత్వవేత్తలు పరిశీలిస్తే చాలామంది కథ ఇలాంటి రాత్రితోనే మొదలైందని తేలింది.

నిద్ర తక్కువైనా, పడుకునే వేళలు మారుతున్నా, వెల్లకిలా పడుకున్నా ఇది ఎక్కువగా వస్తుంది. మళ్లీ వస్తే లేవాలని పెనుగులాడకుండా ఒక వేలు కదిపే ప్రయత్నం చేయండి, ఊపిరి నిదానంగా తీసుకోండి. తరచుగా వస్తున్నా, పగలు ఆపుకోలేని నిద్ర వస్తున్నా డాక్టరుకు చూపించుకోవాలి. రాత్రి సినిమాలు కొన్నాళ్లు ఆపండి, అవెక్కడికీ పోవు.

రక్తం, అరుపులు లేకుండా ఇలాంటి సినిమా ఒక్కటి చెప్పండి, ఇంట్లో అందరం చూడాలి.
– రాజమండ్రి

"ద వాస్ట్ ఆఫ్ నైట్". 1950ల నాటి చిన్న ఊరు, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే అమ్మాయి, రేడియో నడిపే కుర్రాడు, లైన్లో వినిపించే ఒక వింత శబ్దం. దాదాపు అంతా మాటలే, కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. మొదటి పావుగంట ఓపిక పట్టాలి.

ఏలియన్లు ఎప్పుడూ అమెరికాకే ఎందుకు వెళ్తారు సార్?
– చాలామంది, చాలా ఊళ్ల నుంచి

కెమెరాలు, నిర్మాతలు, పుస్తకం వేసేవాళ్లు అక్కడే ఎక్కువ కాబట్టి. మన దగ్గరా 2022 చివర్లో వికారాబాద్ జిల్లా పొలాల్లో గుండ్రటి పెద్ద గదిలాంటిది ఆకాశం నుంచి దిగితే చుట్టుపక్కల ఊళ్లు ఊళ్లే చూడ్డానికి వచ్చాయి. ఆరా తీస్తే అది మనుషుల్ని బెలూన్లో పైకి తీసుకెళ్లాలనుకుంటున్న స్పెయిన్ కంపెనీవాళ్ల ఖాళీ డబ్బా, హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి పరీక్ష కోసం వదిలింది. అదే అరిజోనాలో దిగి ఉంటే ఈపాటికి రెండు సినిమాలు వచ్చేవి. మనవాళ్లు మాత్రం దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగి వెళ్లిపోయారు.