నిన్నటిదాకా తిన్న శెనక్కాయ నేడు పడకపోతే

ఈ వేసవి సెలవులకు తిరుపతి వచ్చి బైరాగిపట్టెడలోని మా ఇంట్లో దిగిన నాటి నుంచి, ఆగస్టులో అమెరికా ప్రయాణం పెట్టుకున్న బంధువులూ ఇరుగుపొరుగువారూ ఒకరి తరువాత ఒకరు వచ్చి అద్దెల గురించీ, బడుల గురించీ, కారు లైసెన్సు గురించీ అడిగి వెళ్తున్నారు. వాటన్నిటికీ నోటిమాటగా చెప్పిన జవాబు చాలు. రాసి ఇవ్వవలసిన ప్రశ్న మాత్రం ఏడాది క్రితం డాలస్ వెళ్ళి, ఇప్పుడు సెలవులకు వచ్చిన ఒక చిత్తూరు అమ్మాయి అడిగింది.

ఆమె నాలుగేళ్ళ కొడుకు పళ్ళు రాకముందు నుంచే ఇడ్లీలో శెనక్కాయల చట్నీ నంజుకుని పెరిగినవాడు. గడచిన ఫిబ్రవరిలో అదే చట్నీ తిన్న పావుగంటకు వాడి పెదవులు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ఫోనులో అత్తగారు వేడి చేసిందన్నారట, సబ్జా నీళ్ళు పట్టమన్నారట. మామగారు గొంగళి కప్పి పడుకోబెట్టమన్నారట. "మూడేళ్ళు తిన్న బిడ్డకు ఇప్పుడెందుకు పడదన్నా? నీళ్ళు మారినందుకా?" అన్నది ఆమె సందేహం.

నీళ్ళు మారినందుకు కాదు. ఎలర్జీ రావాలంటే శరీరానికి ఆ పదార్థంతో ముందు పరిచయం ఉండాలి. తిన్నప్పుడో, పగిలిన చర్మానికి తగిలినప్పుడో దానిని శత్రువుగా గుర్తుపెట్టుకుని ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది, ఆ తరువాత ఏదో ఒకనాడు తిన్నప్పుడు తిరగబడుతుంది. కనుక "ఇన్నాళ్ళూ తిన్నాడు కదా" అన్న మాట ఎలర్జీ కాదనడానికి సాక్ష్యంగా నిలవదు. ఇంకా అడిగితే తెలిసిందేమిటంటే, ఆ పిల్లవాడికి మోచేతి మడతల్లో చర్మం పగిలి దురదపెట్టే ఎగ్జిమా ఉన్నది. పైగా బడిలో శెనక్కాయలు తేకూడదన్నారని ఆమె ఇంట్లో కూడా ఎనిమిది నెలల పాటు చట్నీ మానేసింది. ఎగ్జిమా ఉన్న పిల్లలకు అంతకుముందు సహించిన పాలను చాలాకాలం మాన్పించి మళ్ళీ పట్టినప్పుడు ఎలర్జీ బయటపడిన సందర్భాలు వైద్యులకు తెలిసినవే. ఎలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పసిపిల్లలకు తొలి ఏడాదిలోనే వేరుశనగ పెట్టడం మొదలుపెట్టి ఆపకుండా పెడుతూ వస్తే, ఆ ఎలర్జీ నూటికి ఎనభై పాళ్ళు తగ్గినట్లు 2015లో బ్రిటన్‌లో వెలువడిన లీప్ అధ్యయనం చూపించింది. అందుచేత, పడుతున్న తిండిని బడి నిబంధన చూసి భయపడి ఇంట్లో కూడా మానెయ్యకండి. పిల్లవాడు బడి నుంచి వచ్చాక చట్నీ తిని చేతులూ మూతీ కడుక్కుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అయితే ఒకసారి పెదవి వాచిన తరువాత ఈ సలహా వర్తించదు. అప్పుడు స్పెషలిస్టు చెప్పేదాకా ఒక్క పలుకు కూడా పెట్టకూడదు.

మా ఇంటి సంగతి దీనికన్నా విడ్డూరమైనది. మేమున్నది నార్త్ కరోలినాలో. మా అబ్బాయికి తొమ్మిదో ఏట రెండు ఆదివారాలు నడిరాత్రి దద్దుర్లు, వాంతులు వచ్చాయి. మొదట చూసిన డాక్టరు వైరస్ అన్నారు. రాత్రి ఎనిమిదింటికి తిన్న వేటమాంసం కూర అర్ధరాత్రి దాటాక తిరగబడుతుందని మాకెవరికీ తోచలేదు. లోన్ స్టార్ అనే జాతి పిడుదు కుట్టిన తరువాత కొందరికి ఆల్ఫా-గాల్ అనే చక్కెర మీద ఎలర్జీ వస్తుంది. అది మేక, గొర్రె, పశువు, పంది మాంసాలలో ఉంటుంది. కోడిలోనూ చేపలోనూ ఉండదు. తిన్న రెండు నుంచి ఆరు గంటలకు గాని లక్షణాలు కనబడవు. 2010 తరువాత అమెరికాలో 4,50,000 మంది దాకా దీని బారిన పడి ఉండవచ్చని అక్కడి ప్రభుత్వ ఆరోగ్యసంస్థ సీడీసీ 2023లో అంచనా వేసింది. మళ్ళీ పిడుదు కుట్టకుండా చూసుకుంటే కొందరికి కొన్నేళ్ళలో తగ్గుతుంది. అందుకే అడవిబాట నడిచి వచ్చిన సాయంత్రం మావాడి చెవుల వెనుక, మోకాళ్ళ వెనుక వెతకడం మాకు నిత్యకర్మ అయింది. రాగిసంకటిలోకి నాటుకోడి పులుసు మిగిలింది కనుక వాడికి పెద్ద దిగులు లేదు.

అమెరికాలో మూడు నాలుగు వసంతాలు గడిచాక పచ్చి ఆపిల్ తిన్నప్పుడు పిల్లలకు నోరు దురదపెడితే, అది చాలావరకు అక్కడి బర్చ్ చెట్టు పుప్పొడి ఎలర్జీతో వచ్చిన తంటా. ఉడికించిన ఆపిల్ మామూలుగా పడుతుంది. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తే అది పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగకపోవడమే తరచు, ఎలర్జీతో కలపకండి.

పరీక్షల విషయంలో మనవాళ్ళు చేసే పొరపాటు, నలభై పదార్థాలకు ఒకేసారి రక్తపరీక్ష చేయించి, గీత దాటినవన్నీ కంచం నుంచి తీసివెయ్యడం. పరీక్షలో పాజిటివ్ వచ్చినా హాయిగా తినగలిగేవారు ఎందరో ఉన్నారు. ఏం తిన్నాక ఎంతసేపటికి ఏమైందో రాసుకుని వెళ్ళండి. డాక్టరుకు ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది. ఐజీఈని కాక ఐజీజీ అనే మరో ప్రతిరక్షకాన్ని కొలిచే పరీక్షలకు డబ్బు తగలేయకండి, అవి ఎలర్జీ సంగతి చెప్పవు.

దద్దుర్లకు తోడు దగ్గు, పిల్లికూతలు, గొంతు బొంగురు, వాంతులు, సొమ్మసిల్లడం కనిపిస్తే ఆలోచించకుండా, తీవ్రమైన ఎలర్జీకి డాక్టరు రాసిచ్చే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ తొడ బయటివైపు, బట్టల మీదుగానైనా పొడిచి, 911కు ఫోను చెయ్యాలి. ముందు బెనడ్రిల్ అనే దురదమందు వేసి చూద్దామని కూర్చోవడం ప్రమాదం. అది దురదను తగ్గిస్తుందే గాని ఊపిరిని కాపాడదు. అయిదు నుంచి పదిహేను నిమిషాలలో తేరుకోకపోతే రెండోది పొడవవలసి రావచ్చు, కనుక ఎప్పుడూ రెండు దగ్గరుండాలి.

అమెరికాలో లేబుళ్ళ మీద తొమ్మిది పదార్థాలను తప్పక చెప్పాలి. నువ్వులు ఆ జాబితాలో 2023 జనవరి 1 నుంచే చేరాయి, ఆవాలూ శనగపప్పూ ఇప్పటికీ లేవు. మనం సూట్‌కేసులో మోసుకెళ్ళే వాటికి ఆ లేబుల్ కూడా ఉండదు. డబ్బాలో అమ్మే ఇంగువలో తరచు గోధుమపిండి కలిసి ఉంటుంది. గానుగ నూనెలో వేరుశనగ మాంసకృత్తులు మిగిలిపోతాయి. అమ్మ పంపిన నల్లకారంలో ఏం పడిందో అమ్మనే అడగాలి.

ఇక తిరుపతి వచ్చేటప్పుడు ఇంజెక్షన్లను డాక్టరు ఉత్తరంతో సహా చేతిసంచీలో పెట్టుకురండి, ఇక్కడ అవి సులభంగా దొరకవు. మన ఎండల్లో కారులో వదలకండి. జీడిపప్పు పడని పిల్లలున్నవారికి మరో ఇబ్బంది ఉంది. కొండ లడ్డులో జీడిపప్పు ఉంటుంది, ప్రసాదానికి దోషముండదని పెద్దలు నోట్లో పెట్టబోతారు. నేనైతే ఇంటికి రాకముందే ఫోను చేసి మా అమ్మతో చెప్పిస్తాను: బిడ్డ ప్రసాదాన్ని కళ్ళకద్దుకుంటాడు, వాడి వంతు వాళ్ళ నాన్న తింటాడు.