1948 నాటి కథకు నల్గొండ, పాలమూరు వైపు ఊరు వెతికేటప్పుడు

మీ ప్రశ్న చదివాను. 1948 ప్రాంతపు కథ, ఒక దొర, అంటే ఊరి భూస్వామి, ఆయన గడీ చుట్టూ ఉన్న పల్లె, చిన్న బడ్జెట్, జనవరిలో 12 రోజుల షూటింగ్. గద్వాల కోటా, వనపర్తి ప్యాలెసా అని తేల్చుకోలేకపోతున్నానని, ఫొటోలు చూసి నిర్ణయించుకోవచ్చా అని అడిగారు. నాది నల్గొండ పక్కన పల్లె. 11 ఏళ్లుగా లొకేషన్లు చూసిపెట్టే పనిలో ఉన్నాను. నాకు తెలిసింది చెప్తాను.

ఆ రెండింట్లో ఏదీ మీ కథకు సరిపోదండి. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాలు. నిజాం కింద ఉన్నా వాటికి రాజులున్నారు, ఆస్థానాలున్నాయి, కవులున్నారు. పండితులను అంతగా ఆదరించారు కాబట్టే గద్వాలకు విద్వద్గద్వాల అన్న పేరు వచ్చింది. అది రాజు ఇల్లు. మీ కథలో ఉన్నది ఊరి దొర ఇల్లు. గడీ అంటే ఎత్తు ప్రహరీ, పెద్ద దర్వాజ, లోపల కచ్చేరి (దొర కూర్చుని తీర్పులు చెప్పే చోటు), ధాన్యం కొట్లు, దాని ముందు భయంతో నిలబడిన ఊరు. కోట చూపించి గడీ అంటే బయటివాళ్లు నమ్మొచ్చు, మా నల్గొండ ప్రేక్షకుడు మాత్రం మొదటి షాట్‌కే పట్టేస్తాడు.

పైగా గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ ఉంది, చెన్నకేశవస్వామి గుడి ఉంది. వనపర్తి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. ఫొటోలో ఖాళీగా కనిపించే వరండాలో సోమవారం పొద్దున వందల మంది పిల్లలుంటారు. అక్కడ తీయాలంటే సెలవులు, పరీక్షల టైం టేబుల్ చూసుకునే డేట్లు వేసుకోవాలి. రాజుల కథ తీసేటప్పుడు ఆ కష్టం పడొచ్చు. మీకు అవసరం లేదు.

మీకు కావాల్సింది నల్గొండ, సూర్యాపేట, భువనగిరి వైపు పల్లెల్లో మిగిలి ఉన్న గడీ. సగం కూలినవి, తాళం వేసినవి, కొన్నిచోట్ల ఎవరో ఒకరు కాపురం ఉంటున్నవి కూడా ఉన్నాయి. ఫొటోలో అన్నీ ఒకేలా ఉంటాయి. వెళ్లి నిలబడితేనే తేడా తెలుస్తుంది. నేను మొదట చూసేది గడీని కాదు, దాని దర్వాజలో నిలబడి ఎదురుగా ఏం కనిపిస్తుందో చూస్తాను. సీసీ రోడ్డు, కరెంటు స్తంభాలు, నీలం రంగు సింటెక్స్ ట్యాంకు, ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. ఫ్లెక్సీ తీయించొచ్చు, ట్యాంకు మీద గడ్డి కప్పొచ్చు. స్తంభాల వరుస మాత్రం ఏ యాంగిల్ పెట్టినా ఫ్రేమ్‌లోకి వస్తుంది. సీసీ రోడ్డుకు మందు మొరం, అంటే ఎర్ర గరుకు మట్టి. ఒక ఊళ్లో 60 అడుగుల వీధికి రెండు ట్రాక్టర్ల మొరం పోయించి, రాత్రి నీళ్లు చల్లి, ఎడ్లబండిని నాలుగుసార్లు తిప్పించాం. తెల్లారేసరికి చక్రాల గాళ్లు పడి అచ్చం మా చిన్నప్పటి బాటలా ఉంది. షూటింగ్ అయ్యాక ఆ మొరం ఎత్తించి, రోడ్డు కడిగించి వచ్చాం. ఈ చివరి పని మర్చిపోతే ఆ ఊళ్లోకి తర్వాత వచ్చే యూనిట్‌ను రానివ్వరు.

గడీ విషయంలో అసలు టెన్షన్ వారసులతో. ఒకరు ఊళ్లో, ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు అమెరికాలో ఉంటారు. ఊళ్లో ఉన్నాయన సరేనన్నారని అగ్రిమెంట్ రాసుకున్నాను ఒకసారి. రెండో రోజు పొద్దున ఇంకో వారసుడు వచ్చి దర్వాజకు తాళం వేశాడు. 70 మంది యూనిట్ మధ్యాహ్నం దాకా చింతచెట్టు కింద కూర్చుంది. తప్పు నాదే. వాటా ఉన్న అందరి సంతకాలు తీసుకోవాలి, కనీసం అందరితో ఫోన్‌లో మాట్లాడి ఒకరి పేరు మీద ఒప్పుకున్నట్టు రాయించుకోవాలి. ఆ తర్వాత పంచాయతీకి చెప్పాలి, పోలీస్ స్టేషన్‌లో లెటర్ ఇవ్వాలి.

గోడల గురించి ఒక మాట. పాత గడీ గోడలు డంగు సున్నంతో, అంటే గానుగలో నూరిన సున్నంతో కట్టినవి. మేకు కొడితే అరచేతంత పెచ్చు లేచిపోతుంది, సిమెంటుతో పూడిస్తే ఆ అతుకు ఎప్పటికీ కలవదు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కు మొదటి రోజే చెప్పండి, ఒక్క మేకు కూడా వద్దని, ఏది వేలాడదీయాలన్నా స్టాండు పెట్టుకోవాలని. సామాను దింపకముందే ప్రతి గదినీ ఫొటో తీసి పెట్టుకోండి.

గడీ కాక మిగతా సీన్లకు చెప్తాను. చేనేత వీధి ఉందన్నారు కదా, పోచంపల్లి చూడండి. 1951లో వినోబా భావే భూదానం మొదలైంది అక్కడే. మీ కథ కాలానికి మూడేళ్ల దూరం. మీరు లైవ్ సౌండ్ తీస్తున్నట్లయితే కొన్ని సందుల్లో మగ్గాల చప్పుడు దానంతట అదే వస్తుంది, దాన్ని వదులుకోకండి. గుడి సీనుకు పానగల్లు. నల్గొండ టౌన్‌ను ఆనుకునే ఉంటుంది. కుందూరు చోళుల కాలపు ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్లు ఒకే మండపం చుట్టూ ఉంటాయి. ఒకదాంట్లో స్తంభం నీడ పొద్దు కదులుతున్నా కదలకుండా పగలంతా అలాగే నిలబడుతుంది. మా కెమెరామన్ ఒకాయన షూటింగ్ లేని రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. కంటిన్యూటీ (ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ వెలుగునీడలు కలవడం) గురించి ఎంత భయపడే కెమెరామన్‌కైనా ఆ నీడ వరమే. అది రక్షిత కట్టడం, రాష్ట్ర పురావస్తు శాఖ అనుమతి ముందుగా కావాలి. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలైతే కేంద్ర పురావస్తు శాఖ పరిధిలో ఉన్నాయి, 1959 నాటి నిబంధనల ప్రకారం సినిమా చిత్రీకరణకు లైసెన్స్ తప్పనిసరి. భువనగిరి కోట ఒకే పెద్ద బండ, చూడ్డానికి అద్భుతం. కానీ లైట్లు, ట్రాక్, బ్యాటరీలు అన్నీ భుజాల మీద ఎక్కించాలి. మీ బడ్జెట్‌కు కింద నుంచి వైడ్ షాట్ ఒకటి చాలు. డ్రోన్ వాడేట్లయితే 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, 400 అడుగుల దాకా ఎగరొచ్చు. మీరనుకున్న చోటు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో చూసుకోండి.

కృష్ణ ఒడ్డు సీను కోసం కొల్లాపూర్ దగ్గరి సోమశిల అనుకుంటున్నారు. చాలా మంచి చోటు. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు మునిగిపోయే గుళ్లను పైకి తెచ్చి మళ్లీ కట్టారు. అయితే అక్కడ నీళ్లు ప్రాజెక్టు మట్టాన్ని బట్టి ఉంటాయి. నేను అక్టోబర్‌లో రెక్కీ చేసి, అంటే ముందే వెళ్లి చోటు చూసి, మెట్ల దాకా ఉన్న నీళ్ల ఫొటోలు డైరెక్టర్‌కు పంపాను. ఏప్రిల్‌లో యూనిట్‌తో వెళ్తే ఒడ్డు నుంచి నీటి దాకా అంతా పగుళ్లిచ్చిన బురదే. పడవ సీను పోయింది. అప్పటి నుంచి ఏ చోటైనా షూటింగ్ ఏ నెలలో ఉంటే అదే నెల, కుదరకపోతే దానికి దగ్గరి నెలలో చూస్తాను. మీది జనవరి కాబట్టి డిసెంబర్‌లో వెళ్లండి. ఆదివారం వద్దు. వారం మధ్యలో ఒక రోజు, అంగడి రోజు ఒకటి, పొద్దున 6 నుంచి చీకటి పడేదాకా ఉండండి. బోరు మోటార్లు ఎప్పుడు ఆన్ చేస్తారో, గుడి మైకు ఎప్పుడు మొదలవుతుందో, దర్వాజ మీద ఎండ ఎన్ని గంటలకు పడుతుందో పుస్తకంలో రాసుకోండి.

అన్నింటికంటే ముఖ్యమైంది ఇంకొకటి. గడీ మీకు లొకేషన్, ఆ ఊరికి మాత్రం కాదు. వాళ్ల తాతలు వెట్టి చేసిన చోటు. సాయుధ పోరాటంలో ఈ గడీల మీదికే జనం వెళ్లారు. నాలుగేళ్ల కిందట ఒక ఊళ్లో షూటింగ్ జరుగుతుంటే ఎనభై దాటిన ఒక అవ్వ రోజూ వచ్చి వేపచెట్టు కింద అరుగు మీద కూర్చునేది. ఎవరితో మాట్లాడేది కాదు. మూడో రోజు పాలేరు వేషం వేసిన కుర్రాడు గడీ ముందు నుంచి నడిచే షాట్ తీస్తున్నాం. రెండు టేకులు ఓకే అయ్యాయి. ఆమె నన్ను చేత్తో పిలిచింది.

"మీ పిలగాడు చెప్పులు తొడుక్కొని దొర ముంగట నడుస్తుండు. మా నాయిన గట్ల నడ్వలే బిడ్డా. చెప్పులు చేతిల పట్టుకొని, తల వంచుకొని పోయెటోడు" అంది.

నేను వెళ్లి డైరెక్టర్‌కు చెప్పాను. ఆయన ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత మానిటర్ దగ్గర నుంచి లేచి, ఆ కుర్రాణ్ని వెంటబెట్టుకుని ఆమె అరుగు దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. చెప్పులు ఏ చేత్తో పట్టుకునేవాళ్లో, గడీ దాటాక ఎక్కడ తొడుక్కునేవాళ్లో ఆమె లేచి నడిచి చూపించింది. మూడో టేకు అలాగే తీశాం. సినిమాలో ఉన్నది అదే.